వాసవాంబత్త నమ్మని పంపు

మొన్న జూలైలో ఒక ఆదివారం, భోజనమయ్యాక మా మేనత్త ఇంట్లో ఈజీచైరులో కునుకు తీస్తుండగా పక్కనున్న స్టూలు మీద ఏదో మోగింది. కళ్లు తెరవకుండానే అందుకొని చెవికి ఆనించుకొని, ‘‘హలో, చలపతి మాట్లాడుతుండా’’ అన్నాను. అవతల ఎవరూ పలకలేదు. ‘‘సిగ్నల్ లేనట్టుంది, గట్టిగా చెప్పండి’’ అన్నాను. అప్పుడూ పలకలేదు. ఇంతలో మా అత్త మనవరాలు నందిత తల తుడుచుకుంటూ స్నానాల గదిలోంచి వచ్చి, ‘‘మామా, అది నా ఇన్సులిన్ పంపు. ఇస్తే తగిలించుకుంటా’’ అంది. ఇచ్చేశాను.

వంటింటి గడపలో నిలబడి ఇదంతా చూసిన మా అత్త నవ్వలేదు.

‘‘చూసినావా చలపతీ. ఇంత పెద్దోడివి, నిన్నే ఏమార్చింది. బిడ్డను ఏమార్చేదానికి ఎంతసేపు?’’

మా వాసవాంబత్తకు అరవై తొమ్మిదేళ్లు. పాల ప్యాకెట్ మీది తేదీ చదివి, ఇది వేసినవాడు నిజమే వేశాడని ఏం నమ్మకమని అడుగుతుంది. లిఫ్టు ఎక్కితే తలుపు కదిలేదాకా ఒక కాలు బయటే ఉంచుతుంది. లోకంలో ఆమె పూర్తిగా నమ్మింది ఒక్కటే, తన చెయ్యి.

ఆ చెయ్యే నందితను ఆరేళ్లు కాచింది. ఆ పిల్లకు ఎనిమిదో ఏట షుగరు బయటపడింది. నాకున్నట్టు మాత్రలతో సరిపెట్టుకునే రకం కాదు. ఒంట్లో ఇన్సులినే తయారుకాని రకం. రోజుకు నాలుగు సూదులు. వాళ్లమ్మ, అంటే అత్త కోడలు హేమమాలినికి సూదంటేనే భయం. అత్త ఒక్క మధ్యాహ్నం ఆస్పత్రిలో కూర్చుని నేర్చుకుంది. అప్పట్నుంచి స్కూలున్న ప్రతిరోజూ పన్నెండున్నరకు ఒక చేత్తో క్యారియరు, ఇంకో చేత్తో సూదుల డబ్బా పట్టుకొని చెన్నైలో చింతాద్రిపేట నుంచి పురసవాక్కం దాకా ఆటోలో పోయేది. ఒక్కనాడూ ఆలస్యం కాలేదు. స్కూలు పిల్లలు ఆమెకు ‘ఊసి పాట్టి’ అని పేరు పెట్టారు, సూదుల అవ్వ అని. మూడో తరగతిలో నందితకు ఆ పేరంటే గర్వం. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అవ్వకు పదడుగులు ముందు నడవడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చింది పంపు. ఆస్పత్రి నర్సు వినోదిని ఇంటికొచ్చి చెప్పింది. నడుముకు చిన్న పెట్టె, దాన్నుంచి సన్నటి గొట్టం, పొట్ట దగ్గర చర్మం కింద మెత్తటి మొన. మూడు రోజులకోసారి మార్చుకోవాలి. పొద్దంతా కొంచెం కొంచెంగా మందు పోతూనే ఉంటుంది. తినేటప్పుడు మాత్రం, కంచంలో ఏముందో లెక్క చూసి నంబరు నొక్కితే దానికి తగ్గ మందు వేస్తుంది.

‘‘సూదులతోనూ షుగరు బాగానే ఉండాది, అవ్వ పుణ్యం. కానీ దీంతో ఈ పాప తన పని తనే చూసుకోవచ్చు’’ అంది వినోదిని. నెలరోజులు వాడి చూడండి, షుగరు నిలకడగా ఉంటే సొంతంగా కొనుక్కోండి, లేకుంటే తిరిగిచ్చేసి సూదులకే వచ్చేయండి అని చెప్పి పోయింది. నందిత ఆ పెట్టెను రెండు చేతులా పట్టుకుంది.

మొదటి వారం, నేను దాన్ని ఫోననుకోవడం తప్ప, ఏ గోలా లేదు. రెండో వారం షుగరు రెండువందల ఎనభై. మర్నాడు మూడువందల పది. గొట్టం మడత పడిందేమోనని మార్చారు. గుచ్చిన చోటు మార్చారు. ఇన్సులిన్ సీసా మార్చారు.

‘‘చెప్పినా కదా’’ అనడం తప్ప అత్త ఇంకేమీ అనలేదు. ఆ మాట మాత్రం రోజుకు మూడుసార్లు అంది.

మూడో వారంలో అనుమానం మిషన్ మీదనుంచి పిల్ల మీదికి మళ్లింది. బయట ఏమన్నా తిని నంబరు కొట్టకుండా ఉందేమో చూడమని వినోదిని ఫోనులో మెల్లగా చెప్పిందట. ఆ వారం ఆదివారం నేనక్కడ ఉండగానే హేమ స్కూలు బ్యాగు బోర్లించింది. పుస్తకాల మధ్యలోంచి చాక్లెట్ కాగితం పడింది.

‘‘ఇదేందే?’’

‘‘శరణ్య బర్త్‌డేమా. చాక్లెట్ దానికే ఇచ్చేసినా. కాగితం బాగుందని పెట్టుకున్నా.’’

‘‘నమ్మమంటావా?’’

నందిత ఒక్క క్షణం వాళ్లమ్మ మొహంలోకి చూసింది. నడుముకున్న పంపు ఊడదీసి బల్లమీద పెట్టింది. ‘‘చాలు. తీసుకుపోయి ఇచ్చేయండి. సూదులే వేసుకుంటా.’’

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా ఆవిడ బ్యాంకుకు పోతుంది గనక నా మధ్యాహ్న భోజనం అత్త ఇంట్లోనే, అలవాటై ఆదివారాలు కూడా. రెండు వారాలుగా నా షుగరు కూడా ఎగబాకుతోంది. సాయంత్రం బజ్జీల పుణ్యమని మా ఆవిడ పట్టేస్తుందేమోనని ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల మొహం చూసేసరికి నోరు ఆగలేదు.

‘‘నాకూ ఎక్కువగానే ఉండాది హేమా. నాకు మిషన్ కూడా లేదు.’’

ముగ్గురమూ వంటింటి వైపు తిరిగాం. ఆ వంటింట్లో అత్త తలస్నానం చేసి మడి కట్టుకున్నాక ఇంకొకరు కాలు పెట్టరు. వండేదీ ఆమే, వడ్డించేదీ ఆమే.

‘‘ఈ మధ్య చారు కూడా తియ్యగా ఉండాది’’ అంది హేమ గొంతు తగ్గించి. ‘‘వయసు కదా, నాలుకకు తెలియడం లేదేమోనని గమ్మునుండినా.’’

నేను ఆ చారు రోజూ రెండోసారి అడిగి పోయించుకున్న సంగతి చెప్పలేదు.

అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ‘‘బిడ్డనేం అనబాక. బెల్లం నేనే వేసినా.’’

‘‘దేంట్లో అత్తా?’’

‘‘దేంట్లో వెయ్యలేదని అడుగు.’’

అని, కుర్చీలో కూర్చుంది. ‘‘మందు పొద్దంతా పోతానే ఉంటాదని ఆ నర్సమ్మే కదా చెప్పింది? నేను సూది వేస్తే పక్కనే కూర్చుని అన్నం పెట్టేదాన్ని. ఇది వేస్తానే ఉంటే, పెట్టేదెవరు? బిడ్డ కింద పడిపోతే మీరెవరన్నా చూసినారా? నేను చూసినా.’’

నిజమే. నాలుగో తరగతిలో షుగరు పడిపోయి, చెమటలతో తడిసి, స్కూలు మెట్లమీద వాలిపోయిన నందితను పట్టుకున్నది ఆమె ఒక్కతే.

హేమ వెంటనే వినోదినికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టింది. వినోదిని నవ్వలేదు. ‘‘అవ్వా, ఆరేళ్లుగా పడుకునేముందు మీరు వేసిన సూది ఉండాదే, తెల్లారిందాకా పనిచేసేది? దానికి అన్నం పెట్టినారా? ఈ చుక్కలూ అంతే. తినకపోయినా ఒంటికి అంత కావాల. అన్నం మందు వేరే, నంబరు కొడితేనే వేస్తుంది’’ అంది. అత్త మూడు ప్రశ్నలడిగింది, అందులో ఒకటి రెండుసార్లు. తర్వాత లేచిపోయి బెల్లం డబ్బా తెచ్చి కోడలి చేతికిచ్చింది. కాసేపటికి పంపును కూడా తనే తీసి మనవరాలికి అందించింది, రెండు వేళ్లతో పట్టుకొని.

నాలుగు రోజుల్లో నంబర్లు దిగాయి. నావి కూడా కొంచెం దిగాయి, తక్కినవి బజ్జీలవి. నెల తిరిగేసరికి నందితకు సొంత పంపు వచ్చింది.

అది వచ్చాక మొదటి సోమవారం పన్నెండుంపావుకు అత్త వాళ్ల వీధిలోనే ఉన్న నా కొట్టు ముందు నిలబడింది. ఆటో దొరకలేదట, స్కూటరు తియ్యమంది. చేతిలో సూదుల డబ్బా లేదు, క్యారియరూ లేదు. స్కూలు గేటు దగ్గర ఆపేసరికి స్నేహితులతో నవ్వుతూ వస్తున్న నందిత మమ్మల్ని చూసి ఆగిపోయింది. విసవిసా నడిచి వచ్చింది.

‘‘అవ్వా, సూదులే లేవే ఇంక! నాకోసం ఎందుకు వస్తా ఉండావు? అందరూ చూస్తా ఉండారు!’’

అత్త వంగి, ఆ పిల్ల నడుముకున్న పెట్టె వైపు కళ్లు చిట్లించి చూసింది.

‘‘నీకోసం ఎవరొచ్చినారు, దాన్ని ఒక కంట కనిపెట్టేదానికి వచ్చినా.’’