నా మీసం కింద మా ఆవిడ పళ్ళు

పళ్ళు లేని రోజుల్లో పోయిన నా పరువు, పళ్ళొచ్చాక కూడా తిరిగి రాలేదు. ఎలా పోయిందో చెబుతాను, నవ్వుకోండి.

మాది కడియం దగ్గర మొక్కల నర్సరీ. ఏళ్ళ తరబడి తంటాలు పడి నేను కట్టిన మామిడి అంటు ఆ ఏడు తొలికాపుకొచ్చింది. కొరికి రుచి చెప్పాల్సింది నేనే. కట్టుడు పళ్ళతో కొరికితే కాయతోపాటు పళ్ళూ చేతిలోకొచ్చేవి. అందుకని రాజమండ్రిలో ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను.

ఆవిడ నా దవడకు స్కాన్, మొహానికి ఫొటో తీసింది. ముందు కంప్యూటర్లో పళ్ళన్నీ అమర్చి చూసుకుని, ఆ కొలత ప్రకారం ఎముకలో మరలు దించుతుందట.

"మీ పాత పళ్ళ సెట్టు రేపు తెచ్చి ఇక్కడ ఉంచండి బాబాయ్ గారూ. దాన్నీ స్కాన్ తీసి మీ దవడ మీద పెట్టి చూస్తాం."

"చూసి?"

"ఆ అచ్చును బట్టే కొత్తవి చేస్తాం."

నాకు అక్కడే తేడా కొట్టింది. నర్సరీవాడు తల్లిచెట్టు పుల్ల పరాయివాడికి ఇస్తాడా? ఒక్క పుల్ల చేజారితే, ఏడాది తిరిగేసరికి పక్క నర్సరీలో అవే అంట్లు వెయ్యి. నా అచ్చు ఆ కంప్యూటరు పెట్టెలోకెళితే రేపు ఎవరెవరి నోళ్ళలో మొలుస్తుందో! యాభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి, నన్ను మోసం చేయడం అంత తేలికా?

మర్నాడు గ్లాసులో నానుతున్న మా ఆవిడ సెట్టు పట్టుకెళ్ళి ఇచ్చేశాను. ఇంట్లో పళ్ళు కనబడక ఆవిడ ఒకటే వెతుకులాట. ఎలుక ఎత్తుకుపోయి ఉంటుందన్నాను. నమ్మకం కుదరాలని బోను కూడా పెట్టాను.

నాలుగో రోజు ఆసుపత్రికి రమ్మన్నారు. మా ఆవిడా బయల్దేరింది. డాక్టరమ్మ తెర ముందు తల పట్టుకుని కూర్చుంది.

"దవడ ఒకలా ఉంది, సెట్టు ఒకలా ఉంది. రెండూ కలవట్లేదండి."

నేను చంకలు గుద్దుకున్నాను. "నాకు ముందే తెలుసు. పన్ను లేదు, చిగురు లేదు, తెర మీద నవ్వు మాత్రం సిద్ధం."

డాక్టరమ్మ తెర ఇటు తిప్పింది. నా ఫొటోలో, నా మీసం కింద, తెల్లటి పళ్ళవరస. ముందుపన్ను మూల చిన్న పెచ్చు ఊడి ఉంది.

మా ఆవిడ కళ్ళజోడు సర్దుకుని దగ్గరకెళ్ళింది. "ఇది నేను తాటితేగ కొరికినప్పుడు విరిగిన పన్ను," అంది నెమ్మదిగా. తర్వాత నా వైపు తిరిగింది. "నాలుగు రోజులుగా జావ తాగుతున్నాను. మనింటి ఎలుకకి ఇంత మీసం ఉందనుకోలేదండీ."

మళ్ళీ మొదటినుంచి స్కాన్లు. నాకు పళ్ళు కుదిరేసరికి మామిళ్ళ కాలం వెళ్ళిపోయింది. తొలికాయ మా ఆవిడే కొరికింది. రుచి ఎలా ఉందంటే, ఎలుకని అడగమంది.

కోరుకొండ నరసింహస్వామి మీద ఒట్టు. ఈ జన్మలో ఇంకొకరి పళ్ళు ముట్టను. అయితే ఆ కంప్యూటర్లోంచి మా ఆవిడ పళ్ళు తీసేశారో లేదో, ఒక్కసారి వెళ్ళి చూసి రావాలి.