చెంచాడు తక్కువ డిగ్రీ

“సగం పని పాత డాక్టరుగారు చేసేశారు కదమ్మా. ఆ సగం మీ దగ్గర చెల్లుతుందా, లేక మళ్ళీ మొదట్నించీ తవ్వుతారా?”

కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోట్లో దూది పెట్టించుకుని కూడా మా బాబాయి అడిగిన ప్రశ్న ఇది. పళ్ళ డాక్టరమ్మ చేతిలో పరికరం గాల్లోనే ఆగిపోయింది.

“పన్ను మీదే కదండీ? మీతోపాటే వచ్చింది కదా?” అంది.

“నేనూ అదేనమ్మా అనేది! చదువుకున్న బుర్ర కూడా నాతోపాటే వచ్చింది. కాలేజీవాళ్ళు వింటేగా!”

ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ మీది పళ్ళ బొమ్మ వైపు చూశాను. బాబాయితో బయటికి వెళ్తే ఎక్కడో ఒక గోడ వైపు చూడక తప్పదు.

మా బాబాయికున్న జబ్బు ఒక్కటే. లోకంలో ఏ పనైనా ఆయన కంటికి క్రెడిట్లుగానే కనిపిస్తుంది. ఆయన చదువుతున్న డిగ్రీ అటువంటిది మరి. ఒక్కో సబ్జెక్టు గట్టెక్కితే కాలేజీ ఇన్ని క్రెడిట్లని జమ వేస్తుంది. అవన్నీ నిండితే డిగ్రీ. మధ్యలో కాలేజీ మారితే పాత క్రెడిట్లలో వేటిని బదిలీ చేసుకోవాలో, వేటిని చెత్తబుట్టలో వెయ్యాలో కొత్త కాలేజీవాళ్ళ ఇష్టం. పిన్ని ఆసుపత్రి నర్సు. ఆవిడకి బదిలీ అయినప్పుడల్లా బాబాయి తాళాల కొట్టూ, తాళాలు చేసే మెషినూ, క్రెడిట్లూ కలిసి ఊరు మారేవి. కొట్టూ మెషినూ ఒక్క లారీలో వచ్చేసేవి. క్రెడిట్లు మాత్రం కుంటుకుంటూ వచ్చేవి. ఒకచోట చదివిన పడవ నడిపే కోర్సుని ఇంకోచోట భౌతికశాస్త్రం కింద ఒప్పుకున్నారు. పద్యాల కోర్సుని మాత్రం ఎక్కడా ఒప్పుకోలేదు. ఆ కోపంతో బాబాయి కొన్నాళ్ళు కొట్టుకొచ్చిన వాళ్ళందరితోనూ పద్యంలోనే బేరమాడాడు.

ఇంట్లోనూ ఇదే గోల.

“ఏమండీ, గిన్నెలు తోమరా?”

“పాతింట్లో అన్నేళ్ళు తోమాను కదుటే. అవి ఈ ఇంటికి బదిలీ కావా?”

“కావు.”

“పోనీ, సగమైనా?”

“ఈ సింకు వేరు, ఈ సిలబస్ వేరు. లేవండి!”

బాబాయి లేచి తోముతూ, “కోర్ సబ్జెక్టు, తప్పదు. ఎలెక్టివ్ అయితే ఎగ్గొట్టేవాణ్ణి,” అని నాకు కన్ను కొట్టేవాడు.

ఆయన ఫోనులో డిగ్రీ ఎంతవరకు వచ్చిందో చూపించే పేజీ ఒకటుండేది. పొడుగాటి గీత. అయిపోయినంత మేర పచ్చగా, మిగిలినంత మేర ఎర్రగా ఉంటుంది. బాబాయి గీత దాదాపు అంతా పచ్చనే. చివర్లో మాత్రం చెంచాడు ఎరుపు. కొత్తగా పరిచయమైనవాళ్ళకి పెళ్ళాం పిల్లల ఫొటోలు చూపిస్తారు ఎవరైనా. ఈయన గీత చూపిస్తాడు. ఒకసారి ఇంటి తాళం పోగొట్టుకుని, వానలో తడిసి, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటూ ఒకావిడ ఏడుపుమొహంతో పరిగెత్తుకొచ్చింది.

“వచ్చేస్తున్నానమ్మా, ఒక్క నిమిషం. ఇది చూశారా? ఎంత పచ్చగా ఉందో!”

“పాలు మాడిపోతాయండీ!”

“మాడవు. ఈ ఎరుపు చూశారా? స్టాటిస్టిక్స్. ఒక్కటే మిగిలింది.”

పాలు మాడాయి. బాబాయి తాళం తీసినందుకు పైసా పుచ్చుకోలేదు సరికదా, కొత్త గిన్నె కొనిచ్చాడు. ఆవిడ ఆ తర్వాత అదే కాలేజీలో చేరిందని విన్నాను. ఎందుకు చేరిందో అప్పట్లో నాకు అర్థం కాలేదు.

ఆ చెంచాడు ఎరుపే మా ఇంటిల్లిపాదికీ గుండెల మీద కుంపటి. స్టాటిస్టిక్స్ అంటే లెక్కల్లో ఒక శాఖ, సగటులూ అవకాశాలూ తేల్చేది. బాబాయి మొదటి కాలేజీలోనే పాసయ్యాడట గానీ, ఇక్కడివాళ్ళు ఒప్పుకోవడం లేదట. అందుకని ప్రతి టర్మూ ఆ క్లాసులో చేరేవాడు. మానకుండా వెళ్ళేవాడు. తీరా పరీక్ష రేపనగా కడుపు పట్టుకుని మంచమెక్కేవాడు. పేరు వెనక్కి తీసుకునేవాడు. మళ్ళీ టర్ముకి మళ్ళీ చేరేవాడు. పట్టా ఇచ్చే రోజున వేసుకోవాలని పిన్ని కొత్త చెప్పులు కొనుక్కుంది. అవి ఆసుపత్రి మెట్లెక్కి అరిగిపోయాయి. ఇంకో జత కొంది. అవీ అరిగాయి.

“మనిషి బోలెడంత ఏరు ఈది, ఒడ్డున మడమల్లోతు నీళ్ళల్లో మునుగుతున్నాడురా,” అని నా దగ్గర వాపోయింది ఒకరోజు. “పాత క్రెడిట్లకి కాలం చెల్లిపోతుందట. ఈ శుక్రవారంలోగా ఆ సబ్జెక్టు సంగతి తేల్చకపోతే పచ్చదంతా ఎర్రబడిపోతుందట. నువ్వెళ్ళి ఆ కాలేజీవాళ్ళ కాళ్ళో గడ్డమో పట్టుకోరా నాయనా!”

వెళ్ళాను. కౌన్సెలర్ మేడమ్ గది చిన్నది. కుర్చీ లాగితే బీరువా తలుపు తెరుచుకుంటోంది. బాబాయి పేరు చెప్పగానే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

“మేం ఒప్పుకోకపోవడమేంటండీ? ఆయనెప్పుడూ అడగందే! మిగతావన్నీ బదిలీ చెయ్యమన్నారు. పడవ కోర్సు కోసం నాతో యుద్ధం చేశారు. స్టాటిస్టిక్స్ ఒక్కటీ వద్దన్నారు. ఇప్పుడు ఊఁ అంటే సాయంత్రానికల్లా అయిపోతుంది.”

“మరి పరీక్షంటే భయమేమో...”

“భయమా? మీరొకసారి ఆ క్లాసుకెళ్ళి చూడండి. తలుపు తెరిచే ఉంటుంది.”

క్లాసు తలుపు పక్కన నిలబడ్డాను. ముందు వరుసలో బాబాయి. ఆయనకి ఒక పక్క ఇస్త్రీ కొట్టావిడ, ఇంకో పక్క యూనిఫాంలోనే వచ్చేసిన బస్సు డ్రైవరు. డ్రైవరు సంచీ ఇంకా ఒళ్ళోనే ఉంది. చూపు తలుపు వైపే ఉంది. లెక్చరర్ బోర్డు నిండా ఏదో రాసి “అర్థమైందా?” అన్నాడు. అందరూ నోటుపుస్తకాల్లోకి తలలు దించేసుకున్నారు. బాబాయి చెయ్యెత్తాడు.

“సార్, నేను రాత్రికి రెండు గంటలు గురక పెడతాను. మా ఆవిడ అస్సలు పెట్టదు. మీ లెక్క ప్రకారం సగటున మేం చెరో గంట పెట్టినట్టు. ఈ సంగతి మా ఆవిడకి చెబితే నన్ను ఇంట్లో ఉండనిస్తుందా?”

గది గొల్లుమంది. లెక్చరర్ కూడా సుద్దముక్క జారవిడిచాడు. ఆ నవ్వుల్లోంచి ఇస్త్రీ కొట్టావిడ చెయ్యి మెల్లగా లేచింది.

“అంటే సార్... ఒక్కళ్ళు మరీ ఎక్కువ పెడితే, ఆ బరువు అందరి మీదా పడుతుందా? అప్పుడు సగటుని నమ్మకూడదా?”

“భేషుగ్గా చెప్పారమ్మా!” అన్నాడు లెక్చరర్. ఆవిడ ముఖం అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా విచ్చుకుంది. డ్రైవరు సంచీ కింద పెట్టి పెన్ను తీశాడు. పరీక్ష రేపనగా కడుపునొప్పి ఎందుకొస్తుందో నాకప్పుడు తెలిసింది. పాసైనవాణ్ణి మళ్ళీ ఈ క్లాసులో కూర్చోనివ్వరు.

బాబాయి బయటికి రాగానే వరండాలో పట్టుకున్నాను.

“బాబాయ్! ఎందుకీ నాటకం?”

“నాటకమేమిట్రా, ఉద్యోగం!” అన్నాడు, దొరికిపోయిన దొంగలా అటూ ఇటూ చూస్తూ. “తెలియదని చెప్పడానికి పెద్దవాళ్ళకి ప్రాణం పోతుందిరా. మొదట ఒక వెర్రివాడు లేచి అడిగితే, తర్వాత ఎవరు అడిగినా తెలివైనవాళ్ళలా కనిపిస్తారు. ఆ వెర్రివాడి ఉద్యోగం ఇక్కడ ఖాళీగా ఉంది. చేరాను.”

“శుక్రవారం దాటితే డిగ్రీ గోవిందా. పిన్ని మూడో జత చెప్పులు కొంది తెలుసా?”

బాబాయి ఫోను తీసి పచ్చటి గీత చూశాడు. క్లాసు గదిలోకి చూశాడు. లోపల డ్రైవరూ ఇస్త్రీ కొట్టావిడా గురక లెక్క మీద పోట్లాడుకుంటున్నారు.

“ఆ ఇస్త్రీ ఆవిడ గట్టెక్కేసింది. నా దిగులంతా ఆ డ్రైవరు గురించేరా. నిరుడు రెండు వారాలకే పారిపోయాడు. నేను లేకపోతే మళ్ళీ...”

ఉన్నట్టుండి ఆగిపోయాడు. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. తుప్పుపట్టిన తాళంలోకి సరిపడే చెవి దొరికినప్పుడు ఆయన ముఖంలో వచ్చే వెలుగు ఒకటుంది. అది వచ్చింది.

“ఒరేయ్, నీకు లెక్కలొచ్చా?”

“బొత్తిగా రావు బాబాయ్.”

“బంగారుకొండా! రానట్టు నటించలేక నా నడుం పడిపోతోంది. నీకైతే సహజంగానే రావు! సరే, నేను మేడమ్ దగ్గరికెళ్ళి ఆ సబ్జెక్టు బదిలీ చెయ్యమంటాను. నువ్వు కిందికెళ్ళి, ఆఫీసు కట్టేసేలోగా ఈ క్లాసులో పేరు రాయించుకో. రేపు ముందు వరుసలో, డ్రైవరు పక్కనే కూర్చో. ఆయన తలుపు వైపు చూసినప్పుడల్లా చెయ్యెత్తు. ఏం అడగాలో తోచకపోతే, ఏమీ తోచడం లేదు సార్ అని గట్టిగా చెప్పు. వెళ్ళు, వెళ్ళు!”