వీపుల బాబాయి

మా బాబాయి పిట్టల్ని ఫోటో తీస్తాడు, కానీ వీపు వైపు నుంచే. ఇరవై ఏళ్లుగా అడవీ, సముద్రపు ఒడ్డూ గాలించి ఆయన పోగుచేసిన ఆల్బంలో తోకలున్నాయి, రెక్కలున్నాయి, ముక్కు మాత్రం ఒక్కటీ లేదు. వడ్రంగిపిట్ట వీపు, కొంగ వీపు, గుడ్లగూబ వీపు. ఆ గుడ్లగూబ తల తిప్పితే బాబాయీ తల తిప్పేసుకున్నాడట.

"ఈ పిట్టలకి మీ మీద అలకేంటండీ?" అనేది పిన్ని.

"అలక కాదు. వాటి పనిలో అవి ఉన్నాయి."

"పెళ్లికూతుర్ని చూపించమంటే జడ చూపించినట్టుంది."

గ్రంథాలయంలో ఏటా పిట్టల ఫోటోలు గోడకి పెడతారు. బాబాయివి ఆరేళ్లుగా తిరిగొస్తున్నాయి. ఈసారి లైబ్రేరియన్ గారు జాలిపడి, "ఒక్క చోటు మీకోసం ఉంచాను. శనివారానికి ముఖం ఉన్న పిట్టని తెండి. లేదంటే అక్కడ క్యాలెండర్ తగిలిస్తాను" అన్నారు. ఆ గోడంటే బాబాయికి ప్రాణం. వారం రోజులు అన్నం సహించలేదు.

నేను బడిపంతులమ్మని. శుక్రవారం నాచేత సెలవు పెట్టించి సముద్రానికి తీసుకెళ్లాడు. ఎండకి ఇసుక పెనంలా కాలుతోంది. పదడుగుల దూరంలో గుడ్ల మీద ఓ బుల్లిపిట్ట. మెడ తిప్పి తిన్నగా మావైపే చూసింది. దేవుడే కూర్చోబెట్టి చూపించినట్టుంది.

"నొక్కు బాబాయ్," అన్నాను గొంతు తగ్గించి.

బాబాయి కెమెరా దించేశాడు. పెద్దల ముందునుంచి లేచొస్తున్నవాడిలా వెనక్కి వెనక్కి నడిచి, వెళ్లి వెళ్లి అలలో చతికిలబడ్డాడు.

"మనల్ని చూసిందంటే భయపడిందని తల్లీ," అన్నాడు కెమెరా తలమీద పెట్టుకుని. "లేచిపోతే ఈ ఎండకి గుడ్లు ఉడికిపోతాయి. మనమంటే బెదురు లేని పిట్టే వీపు చూపిస్తుంది."

తడిబట్టలతో ఇల్లు చేరాం. సంగతంతా విని, "క్యాలెండర్‌కి మంచి చోటు దొరికింది" అంటూ పిన్ని ఆల్బం తిరగేసింది. చివరి పేజీ దగ్గర ఆగిపోయింది. అదీ వీపే. కిటికీ పక్కన కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతున్న పిన్ని వీపు.

"ఇదెప్పుడు తీశారు?"

"పాడుకుంటున్నావు. నన్ను చూస్తే ఆపేస్తావుగా."

పిన్ని జుట్టుముడి తడుముకుంది. "ముడైనా సరిచేసుకోమని చెప్పొద్దూ?" అంది.

శనివారం పొద్దున్నే ఆ ఫోటో తీసుకెళ్లి లైబ్రేరియన్ గారి బల్లమీద పెట్టింది.

"ముఖం ఏదమ్మా?" అన్నారాయన.

"వీపు అదీ," అంది పిన్ని, కుర్చీ జరుపుకుని ఆయనకెదురుగా కూర్చుంటూ. "ముఖం ఇదీ."

క్యాలెండర్ ఇంకా ఆయన సొరుగులోనే ఉంది.