పాలు పడితే గుణం పోతాది

ఊళ్లో ఎవరింటికి వెళ్లినా లింగప్ప టీ తాగడు, పక్కవాళ్లను తాగనివ్వడు. అరుగు మీద కూర్చోగానే భుజం మీది తువ్వాలు తీసి, కొసన వేసిన ముడి విప్పి, గుప్పెడు ఎండిన తంగేడు పూలు ఆ ఇంటి ఇల్లాలి చేతిలో పోస్తాడు.

"నీళ్లు మరగబెట్టి ఇవి వెయ్యమ్మా. పాలు మాత్రం పొయ్యొద్దు. పాలు పడితే గుణం పోతాది."

చక్కెర వెయ్యమంటారా అని అడిగితే, చక్కెర పడితే ఒళ్లు పోతుందనేవాడు. పోనీ బెల్లం అంటే, బెల్లం వేస్తే అది మందు కాదు, పాయసం అనేవాడు. ఇన్ని తీసేశాక గ్లాసులో మిగిలేది వేడినీళ్లు, పసుపు రంగు, నాలుక మీద కాస్త వగరు. దీన్ని తాగి బాగుపడినవాడు ఒక్కడుంటే చూపించండి, వాడి కాళ్లకు మొక్కుతానని ఆయన భార్య సుంకమ్మ అనేది. ఆమె ఆ మాట అనని రోజు లేదు.

లింగప్ప ముప్పై ఏళ్లు గొర్రెల వెనక తిరిగినవాడు. గొర్రె ఏ ఆకు తింటుందో, దేన్ని వాసన చూసి వదిలేస్తుందో ఆయనకు బాగా తెలుసు. ఆ తెలివిని గొర్రెల దగ్గరే ఆపి ఉంటే సుంకమ్మ సుఖంగా ఉండేది. దగ్గుకు అడ్డసరం ఆకు, జలుబుకు తులసీ శొంఠీ, కడుపుబ్బరానికి వాము, జ్వరానికి నేలవేము. పేరు తెలియని జబ్బులన్నిటికీ తంగేడు పువ్వు. అడ్డసరం గొప్పతనం చెబుతూ మధ్యలో ఆగి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గి, మళ్లీ ఆపిన చోటు నుంచే అందుకునేవాడు. ఆ దగ్గు ఆరేళ్లుగా ఆయన్ను వదల్లేదు.

"ఆ అడ్డసరమేదో నువ్వే తాగరాదా" అనేది సుంకమ్మ.

"నా దగ్గు వేరే జాతి. దీనికి ఆకు ఇంగా దొరకలేదు."

ఒకసారి మడకశిర బస్సు ఊరి ముందర ఆగిపోయి పొగ కక్కింది. డ్రైవరు మూత తీసి నీళ్లు పోస్తుంటే లింగప్ప వెళ్లి తొంగి చూశాడు.

"వేడి చేసిండాదప్పా. సుగంధి వేరు నానేసిన నీళ్లు పొయ్యి."

డ్రైవరు ఏమన్నాడో ఇక్కడ రాయడానికి వీల్లేదు. సుంకమ్మ ఆ బస్సులోనే ఉంది. ఎవరమ్మా ఆయప్ప అని పక్కనావిడ అడిగితే, కొంగు ముఖానికి కప్పుకుని, తనకు తెలియదనేసింది.

ఆకుల పిచ్చి మొదటినుంచీ ఉన్నదే. కానీ టీ మీద పగబట్టింది మాత్రం రెండువేల రెండో సంవత్సరంలో. వానల్లేక వేసిన శనక్కాయ విత్తనం నేలలోనే మాడిపోయింది. గడ్డి దొరక్క జనం గొడ్లను లారీలకెక్కించి పంపేస్తున్నారు. కరువుకు కొందరికి మతి పోతుందంటారు, మా ఆయప్పకు నాలుక పోయిందని సుంకమ్మ అందరికీ చెప్పుకుంది.

ఆమె బాధ ఆమెది. ఆమెకు పుట్టింటి నుంచి తోలుకొచ్చిన ఎనుము ఉంది. ఆ గేదె పాలు పోసి టీ పెడితే గ్లాసు కడగడానికి రెండు చేతులూ కావాలి. ఒంటి మీద బంగారం లేదు, పొలంలో బోరు లేదు. గడప తొక్కినవాళ్లకు చిక్కని టీ ఇస్తుందన్న ఒక్క పేరుతోనే ఆమె ఊళ్లో తలెత్తుకు తిరిగేది. మొగుడు సరిగ్గా చూసి ఆ పేరు మీదే వేటు వేశాడు.

ఒక పొద్దున బయ్యన్న, ఆయన భార్య గంగక్క పని మీద వచ్చారు. పదిరోజుల తర్వాత గంగక్క గడప తొక్కిందన్న సంబరంతో సుంకమ్మ మీగడ వేసి మరీ టీ తెచ్చింది. లింగప్ప అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"లోపలికి తీసకపో. వీళ్లకు ఇది పడదు. తంగేడు పువ్వు కాంచు."

గంగక్క తల వంచుకుని కషాయం తాగింది. చుక్క మిగల్చలేదు. లోపల తనను ఎంత తిట్టుకుంటోందో అనుకుని సుంకమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ టీ నాలుగు గ్లాసులూ తనే తాగి, రాత్రి నిద్ర పట్టక మొగుణ్ణి తిట్టింది.

తర్వాతి వారం ఆమె మడకశిర సంతకు పోయింది. బస్టాండు పక్క హోటల్లో, వీధికి వీపు పెట్టి ఎవరో కూర్చుని టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నారు. తువ్వాలు కొసన ముడి ఉంది. బల్ల మీద అప్పటికే ఒక ఖాళీ గ్లాసుంది. సుంకమ్మ వెళ్లి ఎదురుగా నిలబడింది.

"గుణం పోలేదా?"

లింగప్ప సాసరు కింద పెట్టలేదు. ముందు తాగేశాడు.

"అన్నకు వారం వారం రెండు టీలక్కా. మీగడ ఎక్కువ" అన్నాడు హోటలాయన, సాయం చేస్తున్నాననుకుని.

"నా చేతి టీ ఇసమూ, ఈ నీళ్ల టీ అమృతమా?"

"అరవొద్దే, కూచో. గంగక్క వాళ్లెద్దులూ ఆవూ లారీ ఎక్కి పోయినాక నేను వాళ్లింటికి పోతే తలుపేసుకునింది. టీ పెట్టేకి పాలు లేక. నేను బయట నిలబడిండా, ఆయమ్మ లోపల నిలబడింది. ఏం జెయ్యల్ల? నాకు తంగేడు పువ్వు నీళ్లే కావల్లమ్మా అంటి. తలుపు తీసింది."

"మరి మనింట్లో పాలుండె గదా. పోస్తే నీ సొమ్మేం బోయె?"

"ఈడ పాల టీ తాగినోళ్లు రేపు మనం పోతే ఏం పెట్టల్ల? మళ్లా తలుపేసుకుంటారు."

"నాకొక మాట చెప్పింటే?"

"నీ నోట్లో నువ్వుగింజ నానుతాదా?"

అది నిజమే కాబట్టి సుంకమ్మకు ఇంకా మండింది. మొగుడి మీద ప్రేమ పొంగిందనుకుంటే పొరపాటు. ఇంత మంచివాడని తెలిశాక ఇక నోరారా తిట్టేదెలాగని ఏడుపొచ్చింది. ఒక టీ తెప్పించుకుని, ఇది కుడితి అని చెప్పి, మొత్తం తాగింది.

ఎండాకాలం నడిమికి గడ్డి పూర్తిగా అయిపోయింది. సుంకమ్మ ఎనుమును కూడా లారీ ఎక్కించారు. ఆమె వీధిలోనే కూర్చుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున వంటింటి నుంచి చూస్తే గంగక్క, వాళ్ల పక్కింటి బయమ్మ ఇటే వస్తున్నారు, పలకరించడానికి. సుంకమ్మ ఖాళీ పాల చెంబు వైపు చూసింది. ఇన్నేళ్లలో మొదటిసారి, లేచి వెళ్లి తలుపు మీద చెయ్యి వేసింది.

"సుంకక్కా, టీ గీ పెట్టేవు" అంది గంగక్క వీధిలోంచే. దగ్గరికొచ్చి కొంగు ముడి విప్పి తంగేడు పూలు ఆమె చేతిలో పోసింది. "ఇవి కాంచు. పాలు పొయ్యొద్దు, గుణం పోతాది." ఆ మాట అంటున్నప్పుడు ఆమె సుంకమ్మ ముఖం వైపు చూడలేదు.

అంటే ఈ పూల నాటకం అందరికీ మొదటినుంచీ తెలుసు. ఇన్నాళ్లూ మొహం చిట్లించకుండా ఆ వగరు నీళ్లు తాగింది లింగప్ప కోసమే. వాళ్లకు తెలుసన్న సంగతి తెలియనిది తనకూ, ఆ మహా వైద్యుడికీ. సుంకమ్మ తలుపు బార్లా తీసి పొయ్యి ముట్టించింది.

నీళ్లు మరిగేసరికి లింగప్ప దగ్గుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, సంతకు ఇంకా నాలుగు రోజులుందని గుర్తొచ్చిందేమో, గొంతు తగ్గించి అన్నాడు.

"సుంకీ, దీంట్లో రవ్వంత పాలు పడింటే బాగుండు గదా."

"పాలు పడితే గుణం పోతాది" అంది సుంకమ్మ. "మూసుకొని తాగు."

గంగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లింగప్ప మూసుకుని తాగాడు.