ఆటలు రాని కంప్యూటర్లు

కొత్తపేటలో ఓ స్కూల్లో కంప్యూటర్ టీచర్‌గా చేరిన కొత్త. పాత కంప్యూటర్లు కొత్త విండోస్‌ను మోయలేకపోతుంటే దాని బదులు తేలికగా నడిచే లినక్స్ వేశాను. "దీంట్లో గేమ్స్ రావండి, పిల్లలు చక్కగా చదువుకుంటారు" అని హెడ్‌మిస్ట్రెస్ గారికి గట్టిగా చెప్పాను.

నెల తిరక్కుండా ఆవిడ ల్యాబ్‌లోకి వచ్చేసరికి అన్ని తెరల మీదా కార్ల పందెం!

"గేమ్స్ రావన్నారు కదండీ?"

"ఆయ్, రావనే అనుకున్నానండి."

తొమ్మిదో తరగతి దివ్య లేచింది. "విండోస్ గేమేనండి మేడమ్. అందులో అయితే నొక్కగానే వచ్చేస్తాది. ఇందులో ఇంకో సాఫ్ట్‌వేర్ పెట్టాలండి. ఐదోసారికి ఆడిందండి" అంటూ ఎర్రర్లన్నీ రాసుకున్న నోట్సు చూపించింది.

ఆవిడ పేజీలు తిప్పి, "ఇదంతా మీరే నేర్పేరా?" అని నన్నడిగారు.

"లేదండీ."

"అయితే సోమవారం నుంచి అందరికీ నేర్పండి."

ఆ శని, ఆదివారాలు దివ్య నోట్సు అడిగి తీసుకుని, నేనే కూర్చుని చదువుకున్నాను.