ఫ్రెంచి నటుడి చేత నేను పెట్టించిన బేకరీ

ఇందులో ప్రతి మాటా నిజమని ముందే ఒట్టేసి చెబుతున్నాను. నాలుగేళ్ళుగా గుండె మీద ఒక బేకరీని మోస్తున్నాను. నవ్వకండి. బరువుగానే ఉంది.

నా స్నేహితుడు ప్రకాశం కెనడాలో, మిల్టన్‌లోని మా తెలుగు చర్చిలో క్రిస్మస్ నాటకాలు వేయించేవాడు. ఆ ఏడాది హేరోదు రాజు గడ్డం ఊడి, సరిగ్గా బాలయేసు పడుకున్న పశువుల తొట్టిలో పడింది. జనం పగలబడి నవ్వారు. ఇక జన్మలో నాటకం జోలికి పోనన్నాడు ప్రకాశం. టొరంటో రైల్లో రోజూ నా పక్కన కూర్చుని వాగే మనిషి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు. భరించలేకపోయాను.

మా ఇద్దరికీ ప్రాణమైన ఫ్రెంచి నటుడొకడున్నాడు. ఆయన కథ ఎత్తుకున్నాను. నాటకాల్లో చిన్న వేషాలు, తర్వాత సినిమాల్లో హాస్యం, నలభయ్యో ఏట దర్శకత్వం. అంతవరకూ చదివిందే. ఆపైన నోరు ఆగలేదు. ఆయన తీసిన మొదటి సినిమాకి జనం గోల చేశారన్నాను. పల్లెకు పోయి పదకొండేళ్ళు బేకరీ నడిపి, యాభై దాటాక మళ్ళీ కెమెరా పట్టాడన్నాను. నిజానికి ఆ మొదటి సినిమాకే చప్పట్లు మోగాయి. ఆయన ఒక్క ఏడాదీ ఖాళీగా లేడు.

ప్రకాశం మర్నాడే కొత్త నాటకం మొదలుపెట్టాడు. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ ఆ వెలిగిన ముఖం చూశాక మీరైతే చెప్పగలరా? జాలితో అబద్ధమాడానా, లేక నా కథ విని ఒక మనిషి లేచి కూర్చోవడం చూసి మురిసిపోయానా? రెండోదేనేమో.

మొన్న ఆదివారం ఆరాధనలో, దేవుడు తనకు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి ప్రకాశం లేచాడు.

"ప్రభువు నాతో ఓ బేకరీ ద్వారా మాట్లాడాడండీ. వచ్చే నెల జాబ్‌కి రిజైన్ చేస్తున్నా. డైరెక్షన్ కోర్స్‌లో సీటొచ్చింది."

ముందు వరసలోంచి అతని భార్య సుగుణ నా వైపు తిరిగింది.

"అన్నయ్యా, యాభై మూడేళ్ళొచ్చాయి ఈయనకి. ఆ బేకరీ సంగతి నిజమేనా? కాకపోతే ఇప్పుడే చెప్పెయ్యండి."

నేను తల వంచుకుని, ఎవరికీ వినపడకుండా ఆమెన్ అన్నాను.

ఇంతవరకూ చెప్పలేదు. రేపు చెబుతాననీ అనను. మీతో అన్నాక మాత్రం కాస్త ఊపిరాడుతోంది.

ఒట్టేశాను కదా, ఇదీ చెప్పేస్తాను. తల వంచుకున్నానన్నది కల్పన. లేచి నిలబడి, చర్చి అంతా వినేలా, "నిజమేనమ్మా, ఆ రొట్టె నేను తిన్నాను" అన్నాను.