నల్ల అట్ట మీద తెల్ల పేర్లు

ఈ సాయంత్రం ఆబిడ్స్‌లో, మొదట తెర మీద పడే పేర్లు నేను రాసిన తొలి సినిమా పడింది. ఉస్మాన్‌గంజ్‌లో దుకాణం మూసేసి మా బాపు కూడా టాంగాలో వచ్చాడు. అందంగా ఉంటుందని నల్ల అట్టల మీద సన్నటి తెల్ల అక్షరాలు రాశాను. అవి తెర మీద పడగానే హాలంతా చీకటైపోయింది. ఆలస్యంగా వచ్చినవాళ్లు కుర్చీలు కనబడక మా ముందే నిలబడిపోయారు.

"జర కూసోండ్రి, పేర్లు పడుతున్నయి!" అన్నాను ముందున్న తలపాగా ఆయనతో.

"యాడ కూసోవాలె? తెర మీద జర వెలుగు రానియ్యి," అన్నాడాయన.

కథ మొదలై వెలుగొచ్చింది. అందరూ కూర్చున్నారు. అప్పుడు బాపు నా చెవిలో అడిగాడు, "నువ్వు రాసిన పేర్లు ఎప్పుడొస్తయిరా?"

ఇంటికొచ్చినా కాలు నిలవడం లేదు. ఇది చదివే మీలో ఎవరైనా ఆ ఆటకి ముందే వెళ్లి కూర్చున్నారా? నా అక్షరాలు ఎలా ఉన్నాయి?